మార్జాల భేషజం

సంస్కృతంలో భేషజమంటే మందు. తెలుగులోకి వచ్చే దారిలో ఆ మాటకు ఏమయిందో గాని, లేని పెద్దరికాన్ని ఒలకబోయడమనే అర్థం దగ్గర స్థిరపడిపోయింది. "భేషజాలు మాని భోజనానికి లేవండి" అంటాం గాని, "పొద్దుటి భేషజం వేసుకున్నారా?" అని ఎవరమూ అడగం. ఈ రెండర్థాలూ ఒకే చోట ఇమిడే సందర్భం ఒకటుంది. అది పిల్లికి మందు వేయడం. 2025 జనవరి నెలాఖరు నుంచి సుమారు పదకొండు రోజుల పాటు, జగ్గయ్యపేటలో మా ఇంటి వసారాలో, నేను ఆ రెండర్థాలనూ పూటకొకసారి చొప్పున చూశాను.

మన ఊళ్ళల్లో ప్రతి ప్రాణికీ మందు పట్టే పద్ధతి ఒకటి ఏనాటి నుంచో ఉంది. ఎద్దుకు పొట్ట ఉబ్బితే వెదురు గొట్టాన్ని ఏటవాలుగా చెక్కి, అంచు నున్నగా చేసి, దవడ పక్కనుంచి పెట్టి, తల పైకెత్తి పట్టుకుని కషాయం పోసేవారు. పసిబిడ్డకు ఉగ్గుగిన్నె ఉంది. ముక్కున్న ఆ చిన్న గిన్నెలో ఆముదం పోసి, బిడ్డను కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, ఏడ్చేందుకు నోరు తెరిచిన క్షణాన్ని కనిపెట్టి వంచేవారు. కోడికి ముక్కు విప్పి చుక్క వేస్తారు. మొండికేసే ఇంటి యజమానికి మాత్ర చేతిలో పెట్టి, మింగేదాకా ఎదురుగా నిలబడతారు. పిల్లికి మాత్రం ఏ పద్ధతీ లేదు. ఎనభై దాటిన మా అమ్మనడిగితే, "దానికి జబ్బు చేస్తే అదే ఎటో వెళ్ళి పడుకుంటుందిరా. తగ్గితే వస్తుంది, లేకపోతే రాదు" అంది. సంప్రదాయ మార్జాల వైద్యం మొత్తం ఆ రెండు వాక్యాలే.

కారణం ఊహించడం కష్టం కాదు. ఎద్దు పోతే సేద్యం ఆగుతుంది, గేదె పోతే పాడి పోతుంది. పిల్లిని ఎవరూ కొనరు, ఎవరూ అమ్మరు. ఆసుపత్రి పేరే పశువుల ఆసుపత్రి. 2024 అక్టోబరు 25న దేశమంతటా మొదలైన 21వ పశుగణనలో కోళ్ళూ బాతుల సంగతి పక్కనబెడితే 15 రకాల జంతువుల లెక్క తీశారు. ఆవు, గేదె, మేక, గొర్రె, పంది సరే. ఒంటె ఉంది, జడలబర్రె ఉంది, కంచరగాడిద ఉంది. కుక్క ఉంది, కుందేలుంది, చివరికి ఏనుగు కూడా ఉంది. పిల్లి లేదు! మా మెట్టలో ఏనుగులెన్నో ఎవరైనా అడిగితే సర్కారువారు కాగితం చూసి చెప్పగలరు. పిల్లులెన్నో చెప్పలేరు. (2022 ఏప్రిల్ 4 నుంచి మాది ఎన్టీఆర్ జిల్లా అయింది. అయినా జగ్గయ్యపేట, నందిగామలను కృష్ణాజిల్లా మెట్ట అనకపోతే నా నోటికి తృప్తిగా ఉండదు. పాతకాలపువాణ్ణి, మన్నించాలి.)

ఆ లెక్కకెక్కని జీవుల్లో ఒకడు మా మునసబు. మునసబుల ఉద్యోగాలు 1984లోనే రద్దయ్యాయి గాని, మా అమ్మ దృష్టిలో ఆ హోదాకు ఇంకా తగినవాడు వీడొక్కడే. పొద్దున ఒకసారి, సందెవేళ ఒకసారి వీధిలోని గోడలన్నీ చుట్టి, ఎవరింట ఏం వండారో వాకబు చేసి, శిస్తు వసూలు చేసుకుని వస్తాడు. మాది సున్నపురాయి సీమ. 1882లో బర్జెస్ దొర ఇక్కడ తవ్వించిన బౌద్ధస్తూపం ఫలకాలూ ఆ రాయే. వాటిలో ప్రసిద్ధమైన మాంధాత చక్రవర్తి ఫలకం మద్రాసు మ్యూజియానికి వెళ్ళింది. చక్రవర్తి వెళ్ళిపోయినా మా నాపరాళ్ళ ప్రహరీ మీద మునసబు నడుస్తుంటే ఊరికి రాచరికం లోటున్నట్టు అనిపించదు.

మావాడంటున్నాను గాని, మావాడని చెప్పుకోవడానికి నా దగ్గర దస్తావేజులేమీ లేవు. పిల్లి తన కూనల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు. ఏడో ఇల్లు మాదయింది, ఒక కూన ఉండిపోయింది, అంతే. మెడకు పట్టీ లేదు, తలుపుకు గడియ లేదు. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, పిల్లికి మాత్ర వేయడమెలాగో పడమటి దేశాలవాళ్ళు రాసినవన్నీ తలుపులు మూసిన ఇంట్లో బతికే పిల్లి గురించి. మందు నచ్చకపోతే ఆ పిల్లి మంచం కిందకు పోతుంది. మాది ఊళ్ళోకి పోతుంది.

సంక్రాంతి వెళ్ళిన వారానికి మునసబు ఎక్కడో సరిహద్దు తగాదాలో దెబ్బ తిని వచ్చాడు. ప్రతివాది పక్క వీధి నల్లగండు అని మా అనుమానం. మొదట ఏమీ కనిపించలేదు. పిల్లి పన్ను సూది వంటిది. అది దిగిన రంధ్రం పైన రెండు రోజుల్లో పూడిపోతుంది, పంటితో పాటు లోపలికి వెళ్ళిన సూక్ష్మజీవులు మాత్రం లోపలే ఉండిపోయి చీము పడుతుంది. మూడో నాటికి ఎడమ చెంప నిమ్మకాయంత వాచింది. ఒళ్ళు కాలిపోతోంది. ఎండు మెత్తళ్ళు ముందు పెడితే వాసన చూసి తల తిప్పుకున్నాడు. మునసబు మెత్తళ్ళు వద్దన్నాడంటే మా ఇంట్లో అది అత్యవసర పరిస్థితి.

మందుల దుకాణంలో ఉన్న కుర్రవాడు సంగతి విని, "జ్వరమే కదండీ, పారాసిటమాల్ పావు ముక్క పాలల్లో కలిపి పట్టండి" అన్నాడు. నేను తీసుకోలేదు. ఈ ఒక్క ముక్క మాత్రం పెద్దగొంతుకతో చెప్పదలిచాను. పారాసిటమాల్ పిల్లికి విషం. మన కాలేయం ఆ మందును ఒక రకం ఎంజైముతో విరిచి, నిరపాయంగా మార్చి బయటికి పంపుతుంది. ఆ ఎంజైమును తయారుచేసే జన్యువు పిల్లిజాతిలో ఏనాడో పనిచేయడం మానేసింది. అందువల్ల మందు మరో దారి పట్టి, నెత్తురులోని ఎర్రకణాలనే దెబ్బతీస్తుంది. చిగుళ్ళు గోధుమరంగుకు తిరుగుతాయి, మొహమూ పాదాలూ వాస్తాయి, ఊపిరి ఆడదు. మనం తలనొప్పికి వేసుకునే ఒక్క మాత్ర చాలు పిల్లి ప్రాణం తీయడానికి. పిల్లి పసిబిడ్డంతే ఉంటుంది గనుక పసిబిడ్డ మందు దానికీ సరిపోతుందన్న లెక్క ఇక్కడ చెల్లదు.

నాకు ఉద్యోగం నందిగామలో. రోజూ జగ్గయ్యపేట నుంచి బస్సులో వెళ్ళి వస్తాను. నందిగామలో పిల్లులనూ కుక్కలనూ శ్రద్ధగా చూసే ఒక పశువైద్యురాలున్నారని సహోద్యోగి చెప్పాడు. మర్నాడు మూత ఉన్న వెదురుబుట్టలో పాతచీర పరిచి, మునసబుగారిని వేంచేపు చేయించి, మూత తాడుతో కట్టి బస్సెక్కాను. చిల్లకల్లు దాటేదాకా నిశ్శబ్దం. జాతీయరహదారి ఎక్కాక ఆలాపన మొదలయింది. "కోడా సార్?" అన్నాడు కండక్టరు. పిల్లి అన్నాను. "పిల్లినెక్కడికి?" ఆసుపత్రికన్నాను. వెనక సీటులో మిరపకోతకు వెళుతున్న ఒక పెద్దావిడ, "పిల్లికి సూదేందయ్యా, మాకే దిక్కు లేదు" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. పిల్లి ఎదురొస్తే పది నిమిషాలు ఆగి బయల్దేరే మనుషులు ముప్పావుగంట సేపు పిల్లితో పాటే ప్రయాణం చేశారు, బస్సు క్షేమంగానే చేరింది.

డాక్టరుగారు చిన్న వయసు మనిషి. బుట్టతో తూచి, బుట్ట తీసి తూచి, 3 కిలోల 800 గ్రాములని రాసుకున్నారు. చెంప దగ్గర బొచ్చు తీసి, గంటు పెట్టి చీము తీశారు. ఆ దృశ్యం వర్ణించను. ఒక ఇంజెక్షను చేశారు. ఆ తర్వాత చీటీ నా చేతిలో పెట్టి, "రోజుకు రెండు పూటలు, పన్నెండు గంటల ఎడంతో, పది రోజులు. మధ్యలో తగ్గిందని ఆపకండి మాస్టారూ" అన్నారు. (నేను మాస్టారును కాను. కళ్ళజోడు చూసి అందరూ అలాగే అంటారు.) అమాక్సిసిలిన్, క్లావులనేట్ కలిసిన మాత్ర. శెనగబద్దంత ముక్క. ఇరవై మోతాదులు.

వేయడమెలాగో కూడా ఆవిడే చూపించారు. పిల్లిని బల్ల మీద తువ్వాలు పరిచి కూర్చోబెట్టి, పొత్తిళ్ళలో బిడ్డను చుట్టినట్టు చుట్టాలి. మొదట కాళ్ళు లోపలికి పోవాలి, తల ఒక్కటే బయట ఉండాలి. ఎడమచేతిని తల పైనుంచి పోనిచ్చి బొటనవేలు ఒక చెంప ఎముక మీద, మధ్యవేలు రెండో దాని మీద ఆనించాలి. (మావాడికి వాపున్న వైపు కాస్త పైగా.) ముక్కు ఆకాశం వైపు తిరిగేలా తల వెనక్కి వంచితే కింది దవడ దానంతటదే కొంచెం జారుతుంది. అప్పుడు కుడిచేతి వేలితో ముందరి చిన్నపళ్ళ మీద నొక్కి, మాత్రను నాలుక నడిమి గీత మీద, వీలైనంత వెనక్కి వదలాలి. నాలుక కొసన పడిందా, మరుక్షణం నేల మీద ఉంటుంది. నోరు మూసి గొంతు కింద నిమరాలి. మింగితే నాలుకతో ముక్కు తుడుచుకుంటుంది. అదే రసీదు. అక్కడితో పని అయిపోలేదు. వట్టి మాత్ర పిల్లి అన్నవాహికలో చాలాసేపు ఇరుక్కుని ఉండగలదు, డాక్సీసైక్లిన్ వంటి మందయితే అక్కడే పుండు చేస్తుంది. అందుకని సూది తీసేసిన సిరంజితో అయిదు మిల్లీలీటర్ల నీళ్ళు చెంప పక్కనుంచి నెమ్మదిగా పట్టాలి. గొంతులోకి సూటిగా చిమ్మితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఇదంతా ఆవిడ చేసి చూపించడానికి ఎనిమిది సెకన్లు పట్టింది. మర్నాడు పొద్దున ఇంట్లో మాకు ఇరవై నిమిషాలు పట్టింది. మా ఆవిడ తువ్వాలు పట్టింది, నేను తల పట్టాను, అమ్మ దూరంగా నిలబడి దేవుణ్ణి పట్టింది.

మాత్ర మూడో ప్రయత్నంలో లోపలికి వెళ్ళింది. రెండో ప్రయత్నంలో పళ్ళ మధ్య నలిగిన పొడి చేదుకు నోటినిండా నురుగొచ్చింది. సబ్బునురుగులాగా, ధారగా. పక్కింటి పిన్నిగారు గోడ మీదుగా చూసి విషం తిన్నదేమో అని కంగారుపడ్డారు. అది చేదు నోటబడ్డ పిల్లి చేసే సహజమైన పనే. "ఆ చేదేందిరా దానికి, పిల్లల సిరప్పు తియ్యగా ఉంటది, మా మనవడిది ఉంది తెస్తానుండు" అన్నారావిడ. తెచ్చినా ఉపయోగం లేదు. పిల్లికి తీపి తెలియదు. ఫిలడెల్ఫియాలోని మోనెల్ కేంద్రం శాస్త్రజ్ఞులు 2005లో ఈ సంగతి తేల్చారు. తీపిని గుర్తించే గ్రాహకానికి రెండు జన్యువులు కావాలి, పిల్లిజాతి మొత్తంలో వాటిలో ఒకటి చెడిపోయి ఉంది. పులికీ చిరుతకూ అదే కథ. మాంసం తప్ప మరొకటి ముట్టని వంశానికి తీపితో పని లేకపోయింది. చేదును పట్టే గ్రాహకాలు మాత్రం పిల్లికి డజను దాకా ఉన్నాయని 2015లో తెలిసింది. మనం బెల్లం ముక్కతో ఒకరినొకరం మోసం చేసుకునే విద్య ఆ నాలుక ముందు చెల్లదు.

మొదటి మూడు రోజులూ డాక్టరుగారు నేర్పిన విధంగానే ఆరు మోతాదులూ లోపలికి వెళ్ళాయి. వాపు సగానికి దిగింది. రెండో రోజు సాయంత్రం ఒక ముంజేయి తువ్వాలులోంచి తప్పించుకుని నా ముంజేతిని మూడు గీతలు గీసింది. ఊరంతా తిరిగే పిల్లి, ఎవరు కరిచారో రుజువు లేని పిల్లి. పావుగంట సేపు సబ్బునీళ్ళతో కడుక్కుని, మర్నాడు ఆసుపత్రికి వెళ్ళి రేబిస్ టీకా మొదలుపెట్టించుకున్నాను. మొదటిరోజు, మూడోరోజు, ఏడోరోజు, ఇరవై ఎనిమిదోరోజు. పిల్లి గీరితే ఏమవుతుందిలే అనేవాళ్ళు మన చుట్టూ ఉన్నంత మంది రేబిస్‌కు మందుందని చూపించగలవాళ్ళు లేరు. లక్షణాలు బయటపడ్డాక ఇంచుమించు ఎవరూ బతకని జబ్బది. ఆ విధంగా మునసబుకు ఇరవై మోతాదులు, నాకు నాలుగు.

మెడ వెనక చర్మం పట్టుకుని ఎత్తేస్తే సులువు కదా అని చాలామంది సలహా ఇచ్చారు. వైష్ణవంలో మర్కటకిశోర న్యాయమనీ, మార్జాలకిశోర న్యాయమనీ రెండున్నాయి. కోతిపిల్ల తల్లి పొట్టను తానే కరిచి పట్టుకోవాలి, పిల్లికూన ఏమీ చేయనక్కరలేదు, తల్లే మెడ కరిచి తీసుకుపోతుంది. వడగలై వారు మొదటిదానివైపు, తెంగలై వారు రెండోదానివైపు. ప్రపత్తి అంటే పిల్లికూనలా ఒళ్ళు వదిలేయడమే. వేదాంతంలో ఇంతకన్నా అందమైన ఉపమానం నాకు తెలియదు. కాని ఆచార్యులు చెప్పింది కూన గురించి. గండుపిల్లి గురించి వారు ఏమీ సెలవివ్వలేదు. మెడ పట్టగానే ఒళ్ళు వదిలేయడం కూనతనంలోని గుణం. పెద్ద పిల్లిని అక్కడ పట్టి ఎత్తితే భయమూ నొప్పీ తప్ప శరణాగతి కలగదని డాక్టరుగారు ముందే హెచ్చరించారు.

నాలుగోరోజు పొద్దున మునసబు లేడు. సాయంత్రమూ లేడు.

నిజానికి ఉన్నాడు. నేను బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి ఏడవుతుంది. మామూలుగా నా చెప్పుల చప్పుడు వీధి మలుపు దగ్గర వినబడగానే గేటు దిమ్మ మీదకు వచ్చి కూర్చునేవాడు. నాలుగేళ్ళుగా అదే అలవాటు. నేను ఆ సంగతిని ఎవరితోనూ చెప్పుకోలేదు గాని, నందిగామలో ఎంత గడ్డురోజు గడిచినా ఆ మలుపు దగ్గర నా నడక మారేదని నాకు తెలుసు. ఆ రోజు అమ్మ చెప్పింది: "ఇప్పటిదాకా నా మంచం పక్కనే పడుకున్నాడురా. నీ చెప్పుల చప్పుడు వినపడింది, లేచి దొడ్డిగోడ దూకి పోయాడు."

రెండు మోతాదులు తప్పాయి. సగంలో ఆగితే చీము మళ్ళీ పడుతుందనీ, అప్పుడు ఇదే మందు పనిచేయకపోవచ్చనీ తెలుసు. బలవంతంగా పట్టుకుంటే ఈసారి దొడ్డిగోడతో ఆగడు, ఊరు దాటతాడు. పట్టుకోకపోతే ఆ చెంప ఏమవుతుందో తెలియదు. మంచి చేస్తున్నానని అతనికి చెప్పడానికి భాష లేదు. అతని వైపు నుంచి చూస్తే జరిగింది ఇదీ: నాలుగేళ్ళుగా నమ్మిన మనిషి ఒకరోజు హఠాత్తుగా గుడ్డలో చుట్టి, నోరు పెగలదీసి, చేదు కూరాడు. పూటకొకసారి. ఆ సాక్ష్యంలో నేను కొట్టివేయగలిగిన వాక్యం ఒక్కటీ లేదు.

డాక్టరుగారికి ఫోను చేశాను. ఒక్క సూదితో రెండు వారాలు పనిచేసే సెఫోవెసిన్ అనే మందుంది గాని అప్పుడు తన దగ్గర లేదన్నారు. రోజూ నందిగామ తెచ్చి సూది వేయించడం బుట్టకూ బస్సుకూ పిల్లికీ అయ్యే పని కాదు. "తప్పినవాటికి కలిపి రెండు వేయకండి. మీరు తప్పుకోండి. ఇంకొకరి చేత, ఇంకొక చోట, తిండిలో పెట్టి చూద్దాం. అయితే రోజూ తినే గిన్నెలో మాత్రం కలపొద్దు" అన్నారు.

చివరి మాట దగ్గర నాకు తెనాలి రామకృష్ణుడు గుర్తొచ్చాడు. ఎలుకల బెడద తీర్చడానికి రాయలవారు ఇంటికో పిల్లినీ, దాని పాలకు ఒక ఆవునూ ఇప్పించిన కథ అందరికీ తెలిసిందే. రామకృష్ణుడు మొదటిరోజే సలసల కాగే పాలు పెట్టాడు, మూతి కాలిన పిల్లి ఆపైన పాలగిన్నె చూస్తేనే పరుగు. పాలన్నీ కవిగారే తాగారు. ఆహారంతో ఒక్కసారి చెడు ముడిపడితే ప్రాణి దాన్ని ఇక ముట్టదని జాన్ గార్సియా అనే శాస్త్రజ్ఞుడు 1955లో ప్రయోగపూర్వకంగా చూపించాడు. మనవాళ్ళు పిల్లి మీద చెప్పిన కథను ఆయన ఎలుకల మీద నిరూపించాడన్నమాట. మందు కలిపిన పాలు తాగని పిల్లి రేపు మామూలు పాలూ తాగదు. మందు దాచిన కూడు వద్దన్న పిల్లి కూడే వద్దంటుంది. జబ్బుపడ్డ పిల్లి తిండి మానడం మందు మానడం కన్నా ప్రమాదం.

అయిదో రోజు తెల్లవారుజామున అమ్మ పెరట్లోంచి కుప్పింటాకు మొక్క ఒకటి వేళ్ళతో పీకి, కడిగి, దొడ్డిగోడ మీద పెట్టింది. పిల్లికి మందు పట్టడం తెలియదన్న మనిషికి పిల్లిని పిలవడం తెలుసు! కుప్పింటాకు వేరంటే పిల్లులకు ఒక పిచ్చి. అరవంలో ఆ మొక్కకున్న పేర్లలో ఒకటి పూనైవణంగి, అంటే పిల్లి వంగి మొక్కేది. అరగంటలో మునసబు వచ్చాడు. వేరును నాకాడు, మొహం రాసుకున్నాడు, దాని మీద పొర్లాడు, హోదా మరిచిపోయాడు. నేను కిటికీ వెనక ఉన్నాను. చెప్పులు వేసుకోలేదు.

ఆ తర్వాతిదంతా అమ్మ రాజ్యం. ఉప్పు పోయేదాకా నానబెట్టి ఉడికించిన మెత్తళ్ళను వేళ్ళతో మెదిపి, చారెడన్నా అన్నం కలపకుండా, రేగుగింజలంత ముద్దలు మూడు. మొదటిది ఖాళీది, నమ్మకం కోసం. రెండోదాంట్లో మాత్ర. మూడోది అప్పటికే వేళ్ళ మధ్య కనబడుతూ ఉండాలి, దాని మీది ఆశతో రెండోదాన్ని నమలకుండా మింగాలి. ఇది డాక్టరుగారి ఉపాయమే గాని, అమ్మకు చెబుతుంటే "గోరుముద్దలేగా" అంది. ఒక జాగ్రత్త మాత్రం అమ్మకూ కొత్త. మాత్రను ముట్టిన వేళ్ళు ముద్ద పైభాగాన్ని తాకకూడదు, వాసనకు దొరికిపోతాం. అందుచేత మాత్ర విరవడం నేను, లోపల పెట్టడం మా ఆవిడ, ముద్ద చుట్టి తినిపించడం అమ్మ. శెనగబద్దంత ముక్కకు ముగ్గురం. చోటు కూడా మార్చాం. వసారా వద్దు, పెరట్లో తులసికోట పక్కన.

మొదటిపూట మునసబు రెండో ముద్దను నోట్లో పెట్టుకుని ఆగాడు. అమ్మ మూడోదాన్ని కదిపింది. మింగాడు. ముక్కు తుడుచుకున్నాడు. అమ్మ కిటికీ వైపు చూసి ఏమీ అనకుండా తల ఊపింది. ఆ వారంలోనే, పరుపు కింద అమ్మ దాచిన బి.పి. మాత్రలు ఏడు దొరికాయి. అది వేరే కథ, దానికి మెత్తళ్ళు పనిచేయలేదు.

ఎనిమిదోరోజు పశుగణన వాళ్ళు వచ్చారు. గేదెలున్నాయా, కోళ్ళున్నాయా అని అడిగితే లేవంది అమ్మ. "కుక్క?" లేదు. అమ్మ తులసికోట వైపు చెయ్యి చూపించి, "వాణ్ణి రాసుకో బాబూ" అంది. ఆ అబ్బాయి ఫోనులోని జాబితాను పైనుంచి కిందికి రెండుసార్లు జరిపి, "పిల్లికి లేదు మామ్మగారూ" అన్నాడు. "ఏనుగుకుందా?" అన్నాన్నేను. "ఉందండీ" అన్నాడు, తనకూ నవ్వొచ్చింది.

ఇరవయ్యో మోతాదు పదకొండో రోజు సాయంత్రం అయిపోయింది. చెంప మీద గాటు మూసుకుంది, బొచ్చు రావడానికి ఇంకా నెల పట్టింది. ఫిబ్రవరి చివరి వారంలో నా నాలుగో టీకా కూడా అయింది. సూది వేసిన నర్సమ్మగారు "ఇంతకీ ఆ పిల్లి బతికే ఉందా?" అని అడిగారు. గీరిన జంతువు యోగక్షేమాలు వాళ్ళు అడగడం మర్యాదకు కాదట, వైద్యానికేనట. పది రోజుల పైన అది ఆరోగ్యంగా ఉంటే, గీరిన నాటికి దానిలో రేబిస్ లేనట్టేనన్నారు. ఆరోగ్యంగానే ఉందని చెప్పాను. నల్లగండుకు చెవి చిరిగిందని కూడా చెప్పాను.

ముద్దలు మాత్రం ఆగలేదు. సాయంత్రం ఆరున్నరకు తులసికోట పక్కన మూడు ముద్దలు శాశ్వత శిస్తుగా మారిపోయాయి. నేను తినిపించబోతే తినడు.

గేటు దిమ్మ మీదకు మళ్ళీ రావడానికి మార్చి నెలాఖరయింది. మొదట గోడ చివర, తర్వాత గోడ మధ్యలో, ఆ తర్వాత దిమ్మకు ఒక రాయి ఇవతల. నేను చెప్పుల చప్పుడు తగ్గించుకోలేదు, తెలియని మనిషినై దొంగతనంగా రావడం నాకిష్టం లేకపోయింది. ఇప్పుడు వచ్చి కూర్చుంటాడు. సంచీ కింద పెట్టి రెండు చేతులూ చాపుతాను. వాసన చూస్తాడు, కుడిచెయ్యి ముందు.